అణా వాటా

పరదేశిని యజమానిని చేసిన రోజున ఊరంతా నవ్వు ముఖాలే. కొందరిది సంతోషం, కొందరిది కడుపుమంట. అచ్చియ్యమ్మ ఒక్కతే మొగుడి భుజం మీద కప్పిన కొత్త కండువా వంక చూస్తూ, వారం వారం వచ్చే కూలి డబ్బులు ఇక ఎవరిస్తారని పైకే అడిగింది. ఆడవాళ్ళ బుద్ధి కూలి డబ్బుల దగ్గరే ఆగిపోతుందని ఒకరిద్దరు మగమహారాజులు వేళాకోళం కూడా చేశారు. వాళ్ళకేం, వేళాకోళానికి పెట్టుబడి అక్కర్లేదు.

సంగతి మొదటి నుంచీ చెప్పాలి. పరదేశి చెరుకు గానుగ కూలి. చోడవరం నుంచి బుచ్చయ్యపేట పోయే రోడ్డు వార ఉండే గానుగలకి గడలు అందించడం అతని పని. గడలు అందరూ అందిస్తారు. కానీ ఒక్కసారికి ఎన్ని పెడితే ఎడ్లు రొప్పకుండా గానుగ తిరుగుతుందో, రసమంతా దిగిపోయి పిప్పి పొడిగా ఎలా బయటపడుతుందో అతని చేతికి తెలుసు. బెల్లం వంటల రోజుల్లో గానుగల వాళ్ళు అతని కోసం ఇంటి ముందుకొచ్చి కూర్చునేవారు. ఆ ఏడు రోలుగుంట నుంచి ఒకాయన బండి కట్టించుకుని మరీ వచ్చి, రెట్టింపు కూలి ఇస్తానన్నాడు.

సరిగ్గా అప్పుడే సత్యారావు ఆయిలింజను గానుగ పెట్టే ప్రయత్నంలో ఉన్నాడు. సత్యారావూ పరదేశీ ఒకే ఈడు వాళ్ళు. వరస కలుపుకుని బావా అంటే బావా అనుకునేవారు. ఒకడికి మూడెకరాల చెరుకుంది, రెండోవాడికి గజం నేల లేదు. సత్యారావు బుర్ర కుదురుగా ఉండే రకం కాదు. చోడవరం బజారులో అద్దె సైకిళ్ళ కొట్టు పెట్టి ఎత్తేశాడు. సోడా మిషను పెట్టి అదీ ఎత్తేశాడు. ఈసారి ఎత్తేసే బేరం కాదని, ఎడ్ల గానుగ వారంలో ఆడే చెరుకుని ఇంజను ఒక్క పూటలో ఆడేస్తుందని ఊళ్ళో బంగార్రాజుని ఒప్పించాడు. డబ్బు బంగార్రాజుది. ఆయనకి డబ్బు ఊరికే పడి ఉంటే నిద్రపట్టదు.

ముగ్గురూ కలిసి చోడవరంలో ప్లీడరు వేంకటరమణమూర్తి గారింటికి వెళ్ళి వచ్చిన సాయంత్రం, పరదేశి కాళ్ళయినా కడుక్కోకుండా అరుగు మీద కూలబడి చెప్పడం మొదలెట్టాడు.

“యాపారాలు నాలుగు రకాలంటే అచ్చీ. నాను ఇన్నాళ్ళూ ఒకటే అనుకున్నాను. ఒక్కడే పెట్టుకుంటే సొంత యాపారం. లాబమొచ్చినా ఆడిదే, ములిగినా ఆడే ములుగుతాడు. పదిమంది రైతులు కూడి సర్కారు కాడ రాయించుకుంటే సొసైటీ. అందులో ఎకరమున్నోడికీ ఒకటే ఓటు, ఏబై ఎకరాలున్నోడికీ ఒకటే ఓటు.”

“మరదే పెట్టుకోలేకపోయేరా?” అంది అచ్చియ్యమ్మ, పొయ్యిలో పిప్పి ఎగదోస్తూ.

“బంగార్రాజు బాబు ఒప్పుకోలేదు. నాకూ ఒకటే ఓటేటి అని నవ్వీసేడు. ఇంకోటి కంపెనీ. అది పట్నమోళ్ళది. సొమ్ము పెట్టినోడొకడు, నడిపినోడొకడు. ములిగితే ఎవుడూ దొరకడు.”

“మీదేటి మరి?”

“మాది పొత్తు యాపారం. రూపాయికి పదారణాలు గదా. బంగార్రాజు బాబుకి తొమ్మిదణాలు. మా బావకి ఆరణాలు.” అక్కడ ఆగి, గొంతు సవరించుకుని, ఇంట్లో వాళ్ళిద్దరే ఉన్నా చుట్టూ చూసి మరీ అన్నాడు. “ఒక అణా నాది.”

అచ్చియ్యమ్మ పొయ్యి ముందు నుంచి లేచింది. “నువ్వేటి పెట్టేవు అందులో?”

“నా సేతులు పెట్టేను. ప్లీడరు గారే అన్నారు, డబ్బు పెట్టినోడూ వాటాదారుడే, పని పెట్టినోడూ వాటాదారుడే అని. కాయితం మీద వేలిముద్ర కూడా ఏసేను.”

“కూలెవులిస్తారు?”

“యజమానికి కూలేటే? ఎవులైనా ఇంటే నవ్వుతారు. బెల్లం అమ్మేక, కర్సులన్నీ పోయేక, మిగిలిన లాబంలో అణా నాది. అందాకా తిండిగింజలు బావ సూస్తాడు.”

ఈ అణా సంగతి సత్యారావు అభిమానంతో చేసిందేనని ఊరు చెప్పుకుంది. అభిమానం లేదనను, ఉంది. కానీ రోలుగుంట బండి పరదేశి ఇంటి ముందు ఆగిన కబురు కూడా సత్యారావు చెవిన పడింది. రెట్టింపు కూలి ఇవ్వడం కంటే అణా వాటా రాసివ్వడం చవకని, వాటాదారుడు సీజను మధ్యలో ఇంకో గానుగకి పోలేడని ప్లీడరు గారు సలహా చెప్పారు. ఇదంతా అచ్చియ్యమ్మకి చాలా తరవాత తెలిసింది.

రోడ్డు వార రేకుల షెడ్డు లేచింది. అనకాపల్లి నుంచి ఇంజను వచ్చింది. దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. చోడవరం పెయింటరు రాసిన బోర్డు గుమ్మం మీద ఎక్కింది: బంగార్రాజు, సత్యారావు, పరదేశి అండ్ కంపెనీ. పరదేశికి చదువు రాదు. అయినా తన పేరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో సత్యారావు చేత వేలు పెట్టి చూపించుకుని, ఆ వంకర గీతల్ని కంటితో బట్టీ పట్టాడు. ముగ్గురికీ జరీ అంచు కండువాలు కప్పారు. మిగతా ఇద్దరికీ ఇంట్లో అలాంటివి బోలెడు. పరదేశికి పెళ్ళిలో కూడా లేదు.

కూలి మనిషి తువ్వాలుని తలకి చుట్టుకుంటాడు, లేకపోతే నడుముకి బిగిస్తాడు. భుజం మీద వేసుకునేది షావుకార్లు, కరణాలు, పెళ్ళికి వెళ్ళేవాళ్ళు. మర్నాటి నుంచి పరదేశి ఆ కండువాని భుజం మీద వేసుకునే గానుగ దగ్గర నిలబడ్డాడు. పని మటుకు అదే పని. గడలు అందించడమే. కూలీలు మొదట్లో ఏడిపించడానికి షావుకారూ అన్నారు. వారం తిరిగేసరికి అదే పిలుపు అలవాటైపోయింది.

“ఆ గుడ్డ నడుముకి సుట్టుకో,” అనేది అచ్చియ్యమ్మ. ఆమె కూడా అక్కడే పిప్పి ఎండబెట్టే పనిలో ఉండేది. యజమాని పెళ్ళాం కనుక ఆమెకీ కూలి లేదు. “ఎడ్ల గానుగ కాదు అది. సూసుకో.”

“నాకు తెల్దేటి?” అనేవాడు. ఆమె చూస్తుంటే నడుముకి చుట్టేవాడు. ఆమె అటు తిరిగితే మళ్ళీ భుజం మీదకి ఎక్కించేవాడు.

ఎడ్ల గానుగలో మనిషి కేక వేస్తే ఎద్దు ఆగుతుంది, ఎద్దు ఆగితే గానుగ ఆగుతుంది. ఇంజనుకి ఆ మర్యాద లేదు. కూలీలు వంతులు మారేవారు. పరదేశి మారేవాడు కాదు. సొంత మిల్లులో వంతులేమిటని అతని వాదన. గింజలు సత్యారావు పంపినప్పుడు ఇంట్లో అన్నం, పంపనప్పుడు గంజి. బెల్లం ధర దిగిందని, ఇంజను నూనె ధర ఎక్కిందని, లాభం మాట సీజను చివర చూద్దామని బంగార్రాజు అంటే, పరదేశి కూడా పెద్దమనిషిలా తల పంకించి వచ్చేవాడు.

మాఘమాసంలో ఒక రోజు అనకాపల్లి నుంచి బెల్లం వర్తకులు మిల్లు చూడ్డానికి వచ్చారు. తెల్లని పంచెలు, వేళ్ళకి ఉంగరాలు. సత్యారావు వాళ్ళకి పొయ్యిలు చూపించాడు, పెనాలు చూపించాడు, అచ్చుల్లో ఆరుతున్న దిమ్మలు చూపించాడు. ఆ తరవాత గానుగ దగ్గరకి తీసుకొచ్చి, “ఈయన మా మూడో వాటాదారుడు, పరదేశి,” అన్నాడు.

అచ్చియ్యమ్మ పిప్పి కట్ట ఎత్తుకుని అప్పుడే వస్తోంది. మొగుడు నడుముకి చుట్టుకున్న కండువా గబగబా విప్పి, దులిపి, భుజం మీద సర్దుకోవడం చూసింది. వర్తకుల్లో ఒకాయన నమస్కారం పెట్టాడు. పరదేశి రెండు చేతులూ జోడించాడు. ఆ రెండు చేతులూ కలిసి నమస్కారం చెయ్యడం అదే ఆఖరు.

“సూడండి బాబూ, మా గానుగ ఎలగాడతాదో,” అంటూ అతను నాలుగు గడలు తీసుకుని వంగాడు. కండువా కొస భుజం మీంచి జారింది. గడలతో పాటు గానుగ నోట్లోకి పోయింది. అతను దాన్ని వెనక్కి లాక్కోబోయాడు. జరీ కండువా కదా, వదలబుద్ధి కాలేదు. కండువాతో చెయ్యి పోయింది.

అచ్చియ్యమ్మ అరిచిన అరుపు ఇంజను చప్పుడులో ఎవరికీ వినిపించలేదు. ఆమె నెత్తి మీది కట్ట కింద పడేసి పరిగెత్తేసరికి ఇంజను నడిపే మనిషి గానుగని తిప్పే బెల్టు తప్పించాడు. అప్పటికే మోచెయ్యి దాటిపోయింది. గానుగ కింద కుండలోకి దిగుతున్న రసం రంగు మారింది. ఆ కుండ ఒక్కటీ పారబోశారు. అప్పటికే పెనంలోకి పోసిన రసాన్ని ఆ పూటే వండేశారని, ఆ బెల్లాన్ని ఆ వర్తకులే కొన్నారని ఆమెకి తరవాత కూలీలు చెప్పారు.

విశాఖపట్నం పెద్దాసుపత్రిలో కుడి చెయ్యి భుజానికి కాస్త కింద దాకా తీసేశారు. సత్యారావు మంచం పక్కన కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు, అచ్చియ్యమ్మకి తేడా తెలుసు. ఏడ్చి, బియ్యం బస్తా ఒకటి ఇంటికి పంపాడు. రెండో బస్తా రాలేదు. ఆరా తీస్తే తెలిసింది: ఆసుపత్రికి తీసుకెళ్ళిన కారు ఖర్చు, మందుల ఖర్చు, ఆ బియ్యం, అన్నీ వాటాదారుడు వాడుకున్న సొమ్ము కింద పరదేశి పేరునే రాయించాడు బంగార్రాజు. పొత్తు వ్యాపారంలో పద్ధతి అదేనట. ఆ వేసవిలో గేదెని అమ్ముకున్నారు. పిల్లలిద్దరికీ ఒక పూటే కూడు.

చోడవరంలో లక్ష్మీనరసింహం అని కొత్తగా కోటు కుట్టించుకున్న ప్లీడరు ఒకాయన ఉన్నాడు. కేసులు లేవు, చట్టాలు మాత్రం బాగా చదివాడు. ఆయన ఇంట్లో పాలు పోసే ఆవిడ చెప్పగా అచ్చియ్యమ్మ వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

“యంత్రం దగ్గర పనిచేసే కూలీకి చెయ్యి పోతే యజమాని నష్టపరిహారం ఇచ్చుకోవాలమ్మా,” అన్నాడాయన. “చట్టం ఉంది. కూలీలకి తెలియదు, యజమానులకి బాగా తెలుసు.”

“ఎంతొస్తాది బాబూ? ఒక గేదె వొస్తాదా?”

“రెండు గేదెలొస్తాయి. పైన ఇంకా మిగులుతుంది. కానీ మీ ఆయన కూలీ అయితేనే. కాగితం ప్రకారం ఆయన యజమాని. యజమాని తన మీద తనే దావా వేసుకున్నట్టుంటుంది. వచ్చే పరిహారంలో అణా వంతు ఆయనే చెల్లించాలేమో.” ఇదేదో చమత్కారంగా ఉందని ఆయన కొంచెం నవ్వాడు. అచ్చియ్యమ్మ ముఖం చూసి నవ్వు ఆపేశాడు.

ఆయన చెడ్డవాడు కాదు. ఫీజు అడగలేదు. దారి కూడా చెప్పాడు. పరదేశి ఎప్పుడూ లెక్కలు అడగలేదు, లాభం తీసుకోలేదు, పూర్వం చేసిన కూలి పనే చేశాడు, తిండిగింజలు పుచ్చుకున్నాడు. కాగితం పేరుకే కానీ నిజానికి కూలీయేనని వాదించవచ్చు. అయితే ఆ మాట పరదేశి నోటితోనే రావాలి. “నేను కూలీని, వెయ్యమన్న చోట వేలిముద్ర వేశాను అని ఆయన ఒక్కమాట అంటే కేసు నిలబడుతుంది. అనకపోతే నేను చెయ్యగలిగింది ఏమీ లేదు,” అన్నాడు.

ఆ ఒక్క మాట కోసం అచ్చియ్యమ్మ నెలల తరబడి మొగుడిని తయారు చేసింది. అన్నం కలిపి నోటికి అందిస్తూ అడిగేది. పుండు కడుగుతూ అడిగేది. “నువ్వెవులివి?” అంటే మొదట్లో పలికేవాడు కాదు. తరవాత్తరవాత నేల చూస్తూ “కూలోడిని” అనేవాడు. గట్టిగా అనమంటే గట్టిగా అనేవాడు. మిగిలిన చెయ్యిని పిల్లల నెత్తి మీద పెట్టించి ఒట్టు కూడా వేయించుకుంది. విచారణకి ముందు రోజు సత్యారావు పెరటి దారిన వచ్చి, “సెల్లీ, బావ కూలోడని సెప్తే నాను కాదనను. నా ఆరణాల మీద ఒట్టు,” అని వెళ్ళిపోయాడు. అచ్చియ్యమ్మ రెండు గేదెల్నీ కళ్ళారా చూసింది. ఒకదానికి పేరు కూడా పెట్టింది.

పరిహారం కేసులు విచారించే ఆఫీసు విశాఖపట్నంలో. బల్ల వెనక ఆఫీసరు. ఒక పక్క బంగార్రాజు, సత్యారావు, వాళ్ళ ప్లీడరు వేంకటరమణమూర్తి గారు. రెండో పక్క లక్ష్మీనరసింహం కొత్త కోటులో చెమటలు కక్కుతున్నాడు. పరదేశి గోడవార నిలబడ్డాడు. గానుగ మింగగా మిగిలిన కండువా ముక్కని, చెయ్యి లేని భుజం కనపడకుండా దాని మీద కప్పుకున్నాడు. అచ్చియ్యమ్మ తలుపు దగ్గర నేల మీద కూర్చుంది.

వేంకటరమణమూర్తి గారు లేచారు. కేకలేస్తారనీ, పరదేశిని అబద్ధాలకోరంటారనీ అచ్చియ్యమ్మ అనుకుంది. ఆయన ఆఫీసరుకి నమస్కరించి, నెమ్మదిగా అన్నారు.

“అయ్యా, పరదేశి గారు మా కంపెనీ భాగస్వామి. ఆయన్ని నిలబెట్టి మేమంతా కూర్చోవడం మర్యాద కాదు. దయచేసి కుర్చీ ఇప్పించండి.”

కుర్చీ వచ్చింది. పరదేశి దాని వంక అది ఎవరికోసమో అన్నట్టు చూశాడు. తరవాత అంచు మీద కూర్చున్నాడు. ఆ పైన కాస్త వెనక్కి జరిగాడు. వీపు ఆనింది.

“పరదేశి గారూ, మిల్లులో కూలీలు మిమ్మల్ని ఏమని పిలిచేవారు?”

“షావుకారనండి.”

“వాళ్ళకి పని మీరే పురమాయించేవారు కదూ?”

“నానేనండి.”

“మిల్లు గుమ్మం మీద బోర్డుంది. అందులో మూడో పేరు ఎవరిది?”

“నాదేనండి.” గొంతులో ఏదో కొత్త బలం వచ్చింది. లక్ష్మీనరసింహం తల దించుకున్నాడు.

“మీరు ఒట్టి కూలివారని ఇక్కడ కాగితం దాఖలు చేశారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. అనకాపల్లి వర్తకులు నమస్కారం పెట్టిన మనిషి మీరు. మీరే చెప్పండి పరదేశి గారూ, ఎవరికీ భయపడక్కర్లేదు. మీరు కూలీనా, వాటాదారా?”

తలుపు దగ్గర అచ్చియ్యమ్మ పెదవులు కదులుతున్నాయి. కూలోడిని, కూలోడిని. అతను ఆమె వైపు తిరిగి చూశాడు. ఆ చూపులో క్షమించమని అడగడం ఉంది. అది అర్థమైన క్షణానే ఆమెకి కేసు పోయిందని తెలిసిపోయింది.

“నాను వాటాదారుడినండి,” అన్నాడు పరదేశి. “అణా వాటా నాది.”

ఆఫీసరు ఏదో రాసుకున్నాడు. సత్యారావు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

ఇద్దరూ తిరుగు బస్సెక్కారు. అనకాపల్లి దాటాక అతనే అన్నాడు. “నన్ను గారూ అన్నారు అచ్చీ.”

ఆమెకి అతని మీద అసహ్యం వేసింది. బస్సులోంచి తోసేద్దామన్నంత అసహ్యం. పదేళ్ళ కాపురంలో అతను తాగి వచ్చిన రోజున కూడా అలా అనిపించలేదు. పిల్లల కూడు ఒక్క పిలుపుకి అమ్మేసిన మనిషి పక్కన ఆనుకుని కూర్చోవలసి రావడం ఆమెకి నరకంగా ఉంది.

“సెయ్యి ఎలాగా పోయింది,” అన్నాడు మళ్ళీ, తనలో తను చెప్పుకున్నట్టు. “అది కూడా పోతే నాకేటి మిగుల్తాది?”

చోడవరంలో దిగేటప్పుడు అతను ఒంటి చేత్తో కమ్మీ పట్టుకోలేక తూలితే, నడుము పట్టి దింపింది.

తరవాతి వేసవిలో అణాలు తీసేసి నయాపైసలు తెచ్చారు. ఊళ్ళో అందరూ సంతలో చిల్లర గురించి తగువులు పడుతుంటే, పరదేశికి వేరే బెంగ పట్టుకుంది. సత్యారావు ఇంటికి వెళ్ళి, “అణాలు ఎత్తేసేరంట గదా. నా అణా ఏటవుతాది బావా?” అని అడిగాడు.

“ఆరు నయాపైసలు బావా. ఆ పైన కొంచెం.”

“ఆ కొంచెం కూడా రాయించు,” అన్నాడు పరదేశి.

చెరుకు మళ్ళీ కోతకి వచ్చింది. మిల్లు గుమ్మం పక్కన, బోర్డు కింద ఒక బెంచీ వేశారు. పరదేశి పొద్దున్నే వెళ్ళి దాని మీద కూర్చునేవాడు. కూలీలు పోతూ వస్తూ షావుకారూ అని పలకరించేవారు. ఇప్పుడు అందులో వెటకారం లేదు, జాలి ఉంది. అతనికి ఆ తేడా తెలియలేదు. ఆ ఏడూ లాభం లేదని బంగార్రాజు ముందే చెప్పేశాడు.

సీజను మొదటి రోజున, ఇంజను ఇంకా అంటించకముందే, అచ్చియ్యమ్మ వచ్చి కూలీల వరసలో నిలబడింది. పేర్లు రాయిస్తున్న సత్యారావు ఆమెని చూసి లేచి వచ్చాడు.

“నువ్విక్కడేటి సెల్లీ? ఊరు నా మొకాన ఉమ్మేస్తాది. ఇంటికి పో. బావ వాటా నీ పేరున రాయించేస్తాను. నా ఆరణాల్లోది ఇంకో అణా కూడా కలిపి రాయిస్తాను. ఒట్టు.”

“నాకొద్దన్నా,” అందామె. “నాను కూలికొచ్చేను. కూలని రాయించు.”

“పోనీ పిప్పి ఎత్తే పని సూసుకో.”

“పిప్పి కాదు. గానుగ కాడ గడలందిస్తాను.”

“అక్కడ ఆడోళ్ళకెందుకు? జరిగింది సూసేవు గదా.”

“సూసేను గనకే. ఇంజను కాడ పని అని రాయించు. కూలి అచ్చియ్యమ్మ అని రాయించు. రాసింది పదిమందీ ఇనీలాగ సదివించు. రేపు నా సెయ్యి పోతే నా పిల్లలకి ఏదో ఒకటొస్తాది.”

గుమాస్తా సత్యారావు వంక చూసి, అతను తల ఊపాక రాసి, గట్టిగా చదివాడు. ఆమె రెండోసారి చదవమంది. రెండోసారీ విని, వేలిముద్ర వేసింది.

బెంచీ మీది నుంచి పరదేశి లేచాడు. “అచ్చీ,” అన్నాడు. “మన మిల్లులో నువ్వు కూలేటే?”

“నీ మిల్లు అది. నాది కాదు,” అందామె, అతని వైపు తిరక్కుండా.

అతను మళ్ళీ కూర్చుని, భుజం మీది కండువా ముక్క తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. లోపల ఇంజను అంటుకుంది. అచ్చియ్యమ్మ కొంగు నడుముకి రెండు చుట్లు చుట్టి, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసుకుని, గానుగకి మొదటి గడ అందించింది.